నాలుగు రాళ్ళు, అయిదుగురు మనుషులు

బాలశౌరి అయిదుగురినీ విడివిడిగా పిలిచి అడిగిన ప్రశ్న ఒక్కటే. అయిదుగురూ చెప్పిన జవాబూ ఒక్కటే. నరసరావుపేటలో పన్నెండేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాడికి ఇలాంటి జవాబులంటే మొదటి నుంచీ అనుమానమే. క్లాసులో అయిదుగురూ ఒకే జవాబు రాస్తే అతను జవాబును దిద్దడం మానేసి, ఎవరి పలక చూసి ఎవరు రాశారో వెతికేవాడు. బడి మానేసి వకీలు గారి తరఫున కేసుల కూపీ లాగే పనిలోకి దిగిన తర్వాత కూడా ఆ అలవాటు పోలేదు.

జరిగింది నాలుగు రోజుల కిందట. మాచర్ల స్టేషన్ పక్కనున్న రాళ్ళ డిపోలో గుమాస్తా సామ్యేలు తన ఆఫీసు గదిలోనే తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కనే సమ్మెట. దాని పిడి మీద ముర్తుజా గుర్తు. ముర్తుజా ఆ డిపోలో రాయి చెక్కేవాడు. అంతకు ముందు రోజే వాడికీ సామ్యేలుకీ పెద్ద గొడవ జరిగింది. ఎందుకు జరిగిందో వాడు చెప్పడు, వినడానికి సామ్యేలు లేడు.

మధ్యాహ్నం ఒంటిగంట బండి వచ్చినప్పుడు సామ్యేలు ప్లాట్‌ఫారం మీద స్టేషన్ మాస్టరుతో మాట్లాడాడు. డిపో నడిపే కంపెనీ వాళ్ళకు ఒక సంగతి చెప్పాలి, రాత్రికి గుంటూరు పోతున్నానని అన్నాడట. మూడు గంటలకు నీళ్ళు మోసే సైదాబీ కుండ దించి ఆఫీసు గదిలోకి తొంగిచూసి కేక పెట్టింది. ఏం జరిగినా ఆ రెండు గంటల్లోనే జరగాలి. డిపోలో మిగిలింది ఆరుగురు. అందులో అయిదుగురు షెడ్డులో నిద్రపోతున్నారు. ఆరోవాడు ముర్తుజా. వాడు ఎక్కడున్నాడో వాడికే తెలియాలి.

"నా రాత అట్టా ఉంది, సారూ," అని తప్ప ముర్తుజా లాకప్పులో బాలశౌరితో ఇంకో మాట అనలేదు. బాలశౌరి గదమాయించాడు, బతిమాలాడు, పెళ్ళాం సాజిదా ముఖం చూడమన్నాడు. పదిరోజుల కిందటే రెండేళ్ళ కూతురు బీబీని మట్టిలో పెట్టి వచ్చిన మనిషి. వాడికి మతి పోయిందేమో అని కూడా అనుకున్నాడు. లేచి వచ్చేస్తుంటే మాత్రం వాడు ఊచలు పట్టుకుని ఒక ప్రశ్న అడిగాడు.

"రాత్రి నక్కలు కూసినాయా, సారూ?"

బాలశౌరికి అర్థం కాలేదు. తెలియదన్నాడు. ముర్తుజా తల దించుకున్నాడు.

ఈ రోజు సాయంత్రం బండికి వాణ్ణి గురజాల కోర్టుకు తీసుకుపోతారు. పోలీసులు అల్లిన కథ కోర్టు మెట్లెక్కితే మళ్ళీ కిందికి దింపడం కష్టం. ఆ బండిలోనే నరసరావుపేట నుంచి వకీలు గారు వస్తారు. ఆయన దిగేలోగా బాలశౌరి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఇప్పటిదాకా చేతిలో ఉన్నది చెమటే.

అయిదుగురిలో పెద్దవాడు షౌకత్. రాళ్ళు వ్యాగన్లలోకి ఎక్కించే హమాలీ. మిగతా ముగ్గురు హమాలీలు, అంటే నూర్ మొహమ్మదూ, మాచవరం నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరూ, షౌకత్ ముఖం చూసి గానీ నోరు తెరవరు. అయిదోవాడు మేస్త్రీ పేతురు. పని ఇచ్చేదీ మానిపించేదీ అతనే.

"మీరు పడుకునేది ఎట్లా?" అని బాలశౌరి షౌకత్‌ని మళ్ళీ అడిగాడు.

"ఎండాకాలం కదయ్యా. షెడ్డులో నాపరాళ్ళు పరిచి ఉంటాయి. ముంతెడు నీళ్ళు కుమ్మరించుకుని చొక్కా ఇప్పి, తడి రాయి మీద వీపు ఆనిస్తే పాణం లేచొస్తది. మనిషికొక రాయి."

"ఒక రాయి మీద ఇద్దరు పడుకోరా?"

"వెడల్పు చాలదు. చాలినా ఎవడు పండుకుంటాడయ్యా, పక్కన మనిషుంటే తడి రాయి కూడా పొయ్యిలాగుంటది."

"ఆ రోజు నీ రాయి మీద ఎవరైనా ఉన్నారా?"

"నేనొక్కణ్ణే."

నూర్ మొహమ్మద్ కూడా తన రాయి మీద తనొక్కడే ఉన్నానన్నాడు. అన్నదమ్ములు సైతం చెరొక రాయి అన్నారు. సైదాబీ కేకకే లేచామన్నారు. మిగతావాళ్ళు ఉన్నారా అంటే, కళ్ళు మూసుకున్నవాడికి ఏం తెలుస్తుందన్నారు. అది నిజమే అనిపించింది బాలశౌరికి. అయితే షెడ్డు మాట ఎత్తగానే నలుగురూ ఒకే తీరుగా చూపు పక్కకి తిప్పుకున్నారు. అది మాత్రం నచ్చలేదు.

పేతురు మేస్త్రీ చూపు తిప్పుకోలేదు. నిబ్బరంగా కూర్చున్నాడు.

"వ్యాగన్లు చూడటానికి స్టేషన్ దాకా పోయానండీ. అవి రాలేదు. తిరిగొచ్చేసరికి వీళ్ళంతా గుర్రు పెడుతున్నారు. నేనూ నా రాయి మీద పడుకున్నా."

"నీ రాయి ఏది?"

"వెనక గోడ వారనున్నది. ఎండ తగలదు. నేనొచ్చిన కాడి నుంచీ అది నాదే. వేరేవాడు దాని మీద కూర్చోను కూడా కూర్చోడు."

"నువ్వు ఒక్కడివేనా దాని మీద?"

"నా రాయి మీద నేను కాక ఇంకెవరుంటారండీ," అని పేతురు నవ్వాడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పిచ్చయ్య అప్పుడే వచ్చాడు. వకీలు గారు తెప్పించిన గురజాల మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉంది కాబట్టి షెడ్డుకు వేసిన సీలు విప్పక తప్పదు, ఆ విప్పేది తన ఎదురుగానే జరగాలి. హత్య జరిగిన సాయంత్రమే సీలు వేయించాడు. ఆ తర్వాత ఈగ కూడా లోపలికి పోలేదని ఆయనే చెప్పుకున్నాడు. ఇలా ఉత్తర్వు చూపించి తన తాళాలు తీయించడం ఆయనకు ఒంటికి కారం రాసినట్టుంది.

"ఏంది మేష్టారూ, ఇంకా ఎక్కాలు వల్లె వేయిస్తూనే ఉన్నారా? సమ్మెట ముర్తుజాది. గొడవ ముర్తుజాది. ఎక్కడున్నావురా అంటే నోరు పెగలదు. ఇంకేం కావాలి మీకు?"

"మిగతా అయిదుగురూ షెడ్డులోనే ఉన్నారని రుజువు కావాలి."

"నేనే రుజువు. కేక వినపడ్డ పావుగంటకు ఈడ ఉన్నా. షెడ్డులోకి నేనే పోయి చూశా. మనిషి లేచిపోయినా వాడి కింద తడి ఆరదు. అయిదు రాళ్ళ మీద అయిదు వీపుల తడి. నా కళ్ళతో చూసి రాసుకున్నా. రేపు కోర్టులో ప్రమాణం చేసి చెప్పబోయేది అదే."

"అయిదు రాళ్ళ మీదా?"

"చెవుడా మీకు? అయిదు."

ఇన్‌స్పెక్టరు స్వయంగా చూసిన సాక్ష్యం అంటే కోర్టు ఇంక వేరే మాట వినదు. బాలశౌరికి నీరసం వచ్చింది. సీలు పగలగొట్టి తలుపు తీశారు. పిచ్చయ్య గుమ్మం దగ్గరే నిలబడి చుట్ట ముట్టించుకున్నాడు, లోపల ఉక్కపోస్తుందని.

షెడ్డులో చూడటానికి పెద్దగా ఏమీ లేదు. మట్టి నేల. అందులో వరసగా పాతిన నాపరాళ్ళు, ఒక్కొక్కటీ తలుపు చెక్కంత. మూలన సైదాబీ కుండ, మూతి మీద ముంత. వెనక గోడ వారన ఖాళీ గోనెసంచుల కుప్ప. బాలశౌరి రాళ్ళ మధ్య నడుస్తూ అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాడు. రెండోసారి ఎక్కువ వస్తాయేమో అని ఆశపడే పిల్లవాడు అతనిలో ఇంకా ఉన్నాడు. నాలుగే వచ్చాయి.

అయిదోది సంచుల కింద ఉండాలి. వీపుతో గుమ్మానికి అడ్డంగా వంగి ఒక సంచి అంచు ఎత్తి చూశాడు. కింద రాయి లేదు. రాయి ఆకారంలో గుంట ఉంది, అంతే. పక్క రాయి అంచున తెల్లటి పెచ్చు లేచి ఉంది. గునపం పెట్టి పెకలించిన గాటు. సంచి మళ్ళీ ఎప్పట్లాగే వదిలి నిటారుగా నిలబడ్డాడు. ముఖం మాత్రం బడిలో తనిఖీకి వచ్చిన దొర ముందు పెట్టే ముఖమే పెట్టాడు.

అతను క్లాసులో పిల్లలకు ఒక లెక్క ఇచ్చేవాడు. పలక మీద నాలుగు గళ్ళు గీసి, అయిదు చింతపిక్కలు చేతికిచ్చి, ఏ గడిలోనూ రెండు పడకుండా పెట్టమనేవాడు. పెట్టినవాడికి ఆ పూట సెలవు. పిల్లలు గంటంతా తిప్పలు పడేవాళ్ళు. ఆ మూలకు జరిపేవాళ్ళు, ఈ మూలకు జరిపేవాళ్ళు. చివరికి ఎవడో ఒకడు ఏడుపు ముఖం పెట్టి, ఇది కుదరదండీ అనేవాడు. కుదరదని తెలుసుకోవడమే లెక్క అని బాలశౌరి చెప్పేవాడు. నాలుగు గూళ్ళలోకి అయిదు పావురాలు దూరితే ఒక గూట్లో రెండు ఉండి తీరాలి. ఏ గూట్లోనో చూడనక్కర్లేదు. రెండు మాత్రం ఉంటాయి, ఒట్టు వేసి చెప్పవచ్చు.

ఇక్కడ నాలుగు రాళ్ళు, అయిదుగురు మనుషులు. అయినా ప్రతివాడూ నా రాయి మీద నేనొక్కణ్ణే అంటున్నాడు. కుదరదు. ఎవరో ఇద్దరు ఒక రాయి మీద పడుకుని అబద్ధమాడుతున్నారు, లేకపోతే పడుకున్నవాళ్ళు అయిదుగురు కారు. లెక్క అంతవరకే చెబుతుంది. అక్కడ లేని ఆ ఒక్కడు ఎవడో చెప్పదు. గుంట పేతురు తనదన్న చోటే ఉంది, కానీ ఆ సంగతి ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో చూడటానికి వేరే దారి కావాలి.

బాలశౌరి గుమ్మం దగ్గరికి వచ్చి, అయిదుగురినీ లోపలికి పంపమని ఇన్‌స్పెక్టరును అడిగాడు.

"ఎందుకు?"

"ఎవరి రాయి మీద వాళ్ళు కూర్చుంటే నేను బొమ్మ గీసుకుంటాను. అంతే."

"గీసుకోండి. బొమ్మలు చూసి ఉరి ఆపరు," అన్నాడు పిచ్చయ్య. కానీ పిలిపించాడు.

అయిదుగురూ వచ్చారు. ఎవరి రాయి మీద వాళ్ళను ఒకేసారి కూర్చోమన్నాడు బాలశౌరి. షౌకత్ గుమ్మానికి దగ్గరున్న రాయి మీద కూర్చున్నాడు. నూర్ మొహమ్మద్ దాని పక్కది. అన్నదమ్ములు తర్వాతి రెండూ. ఎవరూ తడుముకోలేదు. కూర్చున్న తర్వాత మాత్రం నలుగురి చూపులూ గోనెసంచుల మీదికి పోయి, అక్కడ నిలవలేక కిందికి దిగాయి.

పేతురు వాళ్ళను దాటుకుంటూ తిన్నగా వెనక గోడ దగ్గరికి నడిచాడు.

"ఈ సంచులు ఎవడు పడేశాడురా నా రాయి మీద?" అని విసుక్కుంటూ రెండు చేతులా కుప్పను పక్కకు లాగేశాడు.

తర్వాత అలాగే వంగి ఉండిపోయాడు. గుంటలోంచి ఒక తేలు బయటికి వచ్చి, నెమ్మదిగా గోడ వారగా పోయింది. పేతురు దాన్ని చూడను కూడా లేదు.

"కూర్చో, మేస్త్రీ. నీ రాయే కదా," అన్నాడు బాలశౌరి.

పేతురు కూర్చోలేదు. ఇంకెక్కడికైనా పోదామన్నా మిగతా నాలుగు రాళ్ళ మీదా నలుగురు కూర్చుని ఉన్నారు.

"ఈ రాయి ఎప్పుడు లేపారు, షౌకత్?"

మాచవరం తమ్ముడు ఏడవడం మొదలుపెట్టాడు. అప్పుడు షౌకత్ తల ఎత్తాడు.

"ఆ రోజే, సారూ. సైదాబీ మొదటి కుండ పెట్టిపోయిన కాసేపటికి, ఒంటిగంట బండి కంటే ముందు. మేస్త్రీ సాయంత్రం దాకా రానని స్టేషన్‌కి పోయాడు. అందుకని ఆయన రాయే లేపాం. ముర్తుజా బిడ్డ గోరీ మీదికి."

బాలశౌరి వీపు గోడకు ఆనించాడు.

"ఈ నేల మీకు తెలవనిది కాదు. రెండడుగులు తవ్వితే బండ తగుల్తది. బిడ్డని లోతుగా పెట్టలేకపోయాం. రోజూ నక్కలొచ్చి మన్ను గీకి పోతున్నాయి. వాడు రోజూ పొద్దున్నే పోయి మళ్ళీ పూడుస్తున్నాడు. ఒక్క రాయి ఇప్పించమని గుమాస్తా గారి కాళ్ళు పట్టుకున్నాడు. మిలిటరీ కాంట్రాక్టు రాళ్ళు, ఒక్కటి కదిలితే అందరం జైలుకి పోతామన్నాడాయన. అదే గొడవ. బయట ఉన్న రాళ్ళకి నంబర్లు రాసి ఉంటాయి. మేం పండుకునే రాళ్ళని ఎవరు లెక్కపెడతారని ఇది లేపి, నలుగురం మోసుకుపోయి అక్కడ దించి వచ్చాం. దాన్ని చిన్నగా చెక్కి కూర్చోబెట్టే పని వాడిది. ఉలీ సుత్తీ తీసుకున్నాడు, సమ్మెట డిపోలోనే వదిలాడు. వాణ్ణి అక్కడే వదిలి మేమొచ్చి పండుకున్నాం. బండి కూత అప్పుడే వినపడింది."

"ఇది నాలుగు రోజులుగా కడుపులో పెట్టుకున్నారా?"

"ఒట్టు పెట్టించుకున్నాడు, సారూ. లాకప్పు కిటికీ కాడికి పోతే, రాయి సంగతి చెబితే పోలీసోళ్ళు రాయి పెరికేస్తారు, మళ్ళీ నక్కలొస్తాయి అన్నాడు. నేను పోతే పోతా, దాన్ని మాత్రం కదిలించొద్దన్నాడు."

రాత్రి నక్కలు కూసినాయా అని ముర్తుజా అడిగినప్పుడు బాలశౌరి తెలియదని చెప్పి వచ్చాడు. కాస్త కనుక్కుని చెబుతానని అయినా అనలేదు. తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపం కాసేపట్లో వేరేవాళ్ళ మీదికి మళ్ళింది.

"నువ్వు ఈ షెడ్డులో పడుకోలేదు, మేస్త్రీ. పడుకుని ఉంటే నీ రాయి లేదని నీకు ఆ రోజే తెలిసేది. ఒంటిగంటకీ మూడింటికీ మధ్య ఎక్కడున్నావు?"

పేతురు బాలశౌరి వైపు చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ పిచ్చయ్య వైపు చూశాడు. సాయం అడుగుతున్నట్టు లేదు ఆ చూపు. ఇప్పుడేం చేద్దామని అడుగుతున్నట్టుంది.

బాలశౌరి ఆ చూపును పట్టుకున్నాడు. అయిదు రాళ్ళ మీద అయిదు వీపుల తడిని ఇన్‌స్పెక్టరు కళ్ళారా చూశాడు. లేని రాయి మీద తడి ఎలా కనిపించింది? ఆయన ఆ రోజు షెడ్డులోకి రానేలేదు. అయిదు అని ఎవరో చెబితే రాసుకున్నాడు. ఆ చెప్పినవాడు రాయి పోయిందని తెలియనివాడు. అలాంటివాడు డిపో మొత్తం మీద ఒక్కడే. సామ్యేలు గుంటూరు పోయి కంపెనీకి చెప్పాలనుకున్న సంగతి కూడా వీళ్ళిద్దరిదే అయి ఉండాలి.

పిచ్చయ్య చుట్ట గుమ్మానికి నొక్కి ఆర్పాడు. కోపం తెచ్చుకోలేదు. అది చూసి బాలశౌరికి ఇంకా భయం వేసింది.

"మేస్త్రీ, నువ్వు బయటికి రా."

పేతురు గబగబా బయటికి వెళ్ళిపోయాడు. పిచ్చయ్య షెడ్డులోకి ఒక అడుగు వేశాడు. బహుశా అదే ఆయన అందులో వేసిన మొదటి అడుగు.

"మేష్టారూ, ఈ షెడ్డులో అయిదు రాళ్ళున్నాయి. నేను చూశాను. మీ వకీలు గారు బండి దిగి వచ్చి చూసినా అయిదే ఉంటాయి. బయట ఎన్ని రాళ్ళు పడున్నాయో చూశారా? నంబరు గీకేసేందుకు ఎంతసేపు పడుతుంది?"

బాలశౌరి గుంట వైపు చూశాడు. లెక్కలో తప్పు లేదు. కానీ తన రుజువు ఒక ఖాళీ చోటు. దాన్ని చెరపడానికి దొంగిలించనక్కర్లేదు, కాల్చనక్కర్లేదు. నింపితే చాలు. రాళ్ళ డిపోలో రాయి వెతుక్కునే పని కూడా లేదు.

"ఒరేయ్, మీరు నలుగురూ లేవండి. ఆ చివర దొంతరలోంచి ఒకటి లేపి ఇక్కడ పెట్టండి. పెడితే గోరీ జోలికి ఎవడూ రాడు. పెట్టకపోతే మిలిటరీ రాయి దొంగతనం కింద నలుగురూ లోపలికి పోతారు, ఆ రాయి పెరికించి కోర్టుకు పంపిస్తా."

అన్నదమ్ములు షౌకత్ వైపు చూశారు. షౌకత్ నేల వైపు చూశాడు. వాళ్ళు లేస్తారేమో అనుకున్నాడు బాలశౌరి. లేచినా తప్పు పట్టలేని పని.

షౌకత్ చొక్కా విప్పి పక్కన పెట్టాడు. పొడి రాయి మీద వెల్లకిలా పడుకున్నాడు. నూర్ మొహమ్మద్ కూడా పడుకున్నాడు. తర్వాత అన్నదమ్ములు.

పిచ్చయ్య ఒక్క క్షణం నిలబడి చూసి, కానిస్టేబుళ్ళను పిలుస్తూ బయటికి వెళ్ళాడు. పేతురు గొంతు కూడా వినిపించింది, గునపం ఎక్కడుందో చెబుతున్నాడు.

బాలశౌరి గడియారం చూసుకున్నాడు. బండికి ఇంకా ముప్పావుగంట ఉంది. కోటు విప్పి మడత పెట్టి తల కింద పెట్టుకున్నాడు. తేలు ఇంకోటి ఉందేమో అని ఒకసారి చూసి, వెనక గోడ వారనున్న గుంటలో కాళ్ళు చాపి పడుకున్నాడు. నిజంగానే ఎండ తగలని చోటు. మన్ను వీపుకు చల్లగా ఉంది.

"సారూ," అన్నాడు షౌకత్ కప్పు వైపు చూస్తూనే. "వకీలు గారు వస్తే ఆ రాయి పెరకరు గదా?"

"పెరకనివ్వను. మనకు కావలసింది ఆ రాయి కాదు. ఈ గుంట."

బయట గునపం రాయి కిందికి దూరిన చప్పుడయింది. తర్వాత రాయిని నేల మీద ఈడ్చుకొస్తున్న చప్పుడు. అది డిపో అంతా దాటి, మలుపు తిరిగి, షెడ్డు గుమ్మం దాకా వచ్చి ఆగింది.